కొత్త ఏరియా డైరెక్టర్లకు శిక్షణ: రెండు ఆదివారాల్లో ఏం నేర్పాలి?

బందరు రోడ్డు | జూన్ 3, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. సభల్లో మాట్లాడడం, నాయకత్వం అభ్యసించే క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్‌లో జులై 1న మొదలయ్యే సంవత్సరానికి నాకు డివిజన్ డైరెక్టరు బాధ్యత అప్పగించారు. నాతో పనిచేయబోయే ఏరియా డైరెక్టర్లు ఐదుగురు, ఐదుగురూ ఈ పనికి కొత్తవారే. ఒక్కొక్కరి చేతికింద నాలుగైదు క్లబ్బులు ఉంటాయి. వాటిలో కొన్ని సాఫ్ట్‌వేర్ సంస్థల్లో నడిచేవి, కొన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లోవి, మిగిలినవి ఊళ్లో ఎవరైనా వచ్చి చేరగలిగేవి. జూన్ 15, 22 తేదీల్లో, అంటే రెండు ఆదివారాలు, వీరికి శిక్షణ ఇవ్వాలి.

నా సందేహానికి ఒక కారణం ఉంది. మూడేళ్ల కిందట నేనూ ఏరియా డైరెక్టరుగా పనిచేశాను. అప్పుడు నాకు ఇచ్చిన శిక్షణలో పదవులు, నియమాలు, లక్ష్యాల పట్టికలు అన్నీ ఉన్నాయి కానీ ఒక క్లబ్బుకు వెళ్లి కూర్చున్నప్పుడు ఏం చూడాలో, ఎవరిని ఏమడగాలో ఎవరూ చెప్పలేదు. మొదటిసారి ఒక క్లబ్బుకు నివేదిక పత్రం పట్టుకుని వెళ్లి ఒక్కో ప్రశ్నా చదివి జవాబు రాసుకున్నాను. అధ్యక్షుడు ప్రతి ప్రశ్నకూ "అంతా బాగుందండి" అన్నాడు. నేను అదే రాశాను. అక్టోబరు వచ్చేసరికి ఆ క్లబ్బులో చందా కట్టినవారు ఐదుగురే మిగిలారు, ఆ తర్వాత అది మళ్లీ లేవలేదు. ఆ అధ్యక్షుడు నాతో అబద్ధమాడాడని నేను అనుకోను; నిజం చెప్పగలిగే ప్రశ్న నేను అడగలేదు. నా దగ్గర నేర్చుకునే ఐదుగురికీ అదే జరగకూడదు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

భాగ్యనగరి | జూన్ 3, రాత్రి 10:25

బందరు రోడ్డు గారూ, అభినందనలు. ఏరియా, డివిజన్ రెండు స్థాయిల్లోనూ పనిచేసినవాడిగా నా మాట ఒక్కటే: ముందు తేదీలు నేర్పండి. మొదటి ఆదివారం మొదటి గంటలోనే ప్రతివారి చేత ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలూ గీయించండి. అక్టోబరు 1, ఏప్రిల్ 1 చందాలు చెల్లించాల్సిన తేదీలు. నవంబరు 30, మే 31 క్లబ్బు సందర్శన నివేదికలకు గడువులు. క్లబ్బు అధికారులకు ఏటా రెండు విడతల శిక్షణ ఉంటుంది. ఏడుగురు అధికారుల్లో కనీసం నలుగురు ప్రతి విడతకూ హాజరైతేనే, క్లబ్బుకు ఏటా ఉండే పది లక్ష్యాల్లో శిక్షణ లక్ష్యం దక్కుతుంది. వీటిని ఎవరో చెబితే వినడం కంటే తమ చేతితో రాసుకున్నప్పుడే గుర్తుంటాయి.

మీరు చెప్పిన క్లబ్బు కథలో ప్రశ్నల లోపం కంటే లెక్కల లోపమే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. క్లబ్బు నిలవాలంటే కనీసం ఎనిమిది మంది చందా కట్టాలి, అందులో ముగ్గురైనా పాతవారై ఉండాలి. సంస్థల్లో నడిచే క్లబ్బుల్లో చందాను చాలాచోట్ల కంపెనీయే భరిస్తుంది కాబట్టి కోశాధికారి బిల్లు పెట్టాలి, మేనేజరు సంతకం చేయాలి, ఫైనాన్స్ విభాగం అనుమతించాలి, ఆ డబ్బు డాలర్లలో వెళ్లాలి. ఇంత తతంగం సెప్టెంబరు చివరి వారంలో మొదలుపెడితే ఎలా పూర్తవుతుంది? ఆగస్టు మొదట్లోనే కోశాధికారికి ఫోన్ చేసి "బిల్లు ఎవరి బల్ల మీద ఉంది?" అని అడగగలిగే ఏరియా డైరెక్టరు ఉంటే ఎన్నో క్లబ్బులు దక్కుతాయి.

గోదావరి గట్టు | జూన్ 4, ఉదయం 6:50

భాగ్యనగరి గారు చెప్పిన తేదీలు తప్పకుండా నేర్పవలసినవే. అయితే బందరు రోడ్డు గారు వాడిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "చేతికింద" అన్నారు. మనందరం అలాగే అంటాం, తప్పు పట్టడం లేదు. కానీ ఏరియా డైరెక్టరు చేతికింద ఏ క్లబ్బూ ఉండదు. క్లబ్బు తన అధికారులను తానే ఎన్నుకుంటుంది, తన సభను తానే నడుపుకుంటుంది. మనం అక్కడికి వెళ్లేది దానికి అండగా నిలబడడానికే. శిక్షణలో మొదట మార్చవలసినది ఈ భావననే అని నా నమ్మకం, ఎందుకంటే వచ్చినవారు తనిఖీకి వచ్చారనిపిస్తే ఏ క్లబ్బయినా ఇల్లు సర్దుకుని చూపిస్తుంది, సర్దని గది తలుపు మూసే ఉంచుతుంది.

కిందటి ఏడాది రాజమహేంద్రవరంలో ఒక కొత్త ఏరియా డైరెక్టరుకు తోడుగా ఒక సభకు వెళ్లాను. ఒక బడిలోని తరగతి గదిలో ఆదివారం ఉదయం సభ. ఇరవై కుర్చీలు వేశారు, వచ్చినవారు ఏడుగురు. ప్రసంగాల సమయం చూసి రంగు కార్డులతో సైగ చేసే టైమరు సంచిలో ఎరుపు, పసుపు కార్డులు ఉన్నాయి కానీ ఆకుపచ్చది కనిపించలేదు. ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం ఆకుపచ్చ అట్ట పైకెత్తి అయిదో నిమిషం చూపించింది. మొదటి వక్త మాట్లాడుతుండగా హెల్మెట్ చేతిలో పట్టుకుని ఒక కుర్రవాడు గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ప్రసంగం అయింది, చప్పట్లు అయ్యాయి, రెండో వక్తను పిలిచారు, అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నవారు లేరు, పేరడిగినవారు లేరు. సభ సగంలో అతను వెళ్లిపోయాడు.

చివర్లో ఏరియా డైరెక్టరుకు మాట్లాడే అవకాశం ఇచ్చినప్పుడు ఆయన ఆ క్లబ్బు పది లక్ష్యాల్లో ఎన్ని సాధించిందో చదివి, మిగిలినవి త్వరగా పూర్తి చేయమని కోరి కూర్చున్నారు. బయటకు వచ్చాక "గుమ్మంలో నిలబడిన అబ్బాయిని చూశారా?" అని అడిగాను. చూడలేదన్నారు, ఆ సమయంలో నివేదిక నింపుతున్నారట. సందర్శన పత్రంలో మొదటి అంశమే అతిథికి కలిగే తొలి అభిప్రాయం గురించి అని మీ అందరికీ తెలుసు. ఆ అంశానికి జవాబు ఆయన ముందే హెల్మెట్‌తో నిలబడి వెళ్లిపోయింది.

కాబట్టి నా సలహా: ఐదుగురినీ గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే రెండు ఆదివారాల్లో ఒకదాన్ని తీసేయండి. ఆ రోజు వారిని నిజమైన ఒక సభకు తీసుకువెళ్లండి. సభ జరుగుతున్నంతసేపూ పత్రం సంచిలోనే ఉండాలి. సభ అయ్యాక టీ దగ్గర కూర్చుని ఎవరు ఏం చూశారో చెప్పుకోవాలి.

కొల్లేరు | జూన్ 4, మధ్యాహ్నం 1:15

అందరికీ నమస్కారం. బందరు రోడ్డు సార్ చెప్పిన ఐదుగురిలో నేనొకదాన్ని. టోస్ట్‌మాస్టర్స్‌లో చేరి మూడేళ్లే అయింది, నాకు 26 ఏళ్లు. ఈ చర్చ చదువుతుంటే నా భయం ఒకటి చెప్పాలనిపించింది. నాకు అప్పగించిన క్లబ్బుల్లో ఒకదానికి అధ్యక్షుడు మా ఆఫీసులోనే నాకంటే రెండు మెట్లు పైన ఉన్న మేనేజరు. ఇంకొక క్లబ్బులో పదిహేనేళ్లుగా ఉంటున్న పెద్దలున్నారు. వారి ముందు నిలబడి "మీ క్లబ్బులో ఇది సరిగా లేదు" అని నేనెలా అనగలను? తేదీలు, పత్రాలు నేర్చుకోగలను, ఈ సంగతి ఎవరైనా నేర్పితే బాగుంటుంది.

గోదావరి గట్టు | జూన్ 4, రాత్రి 8:05

కొల్లేరు గారూ, అమ్మా, మీ భయం సహజమైనదే, దాన్ని బయటపెట్టినందుకు సంతోషం. మీరు వారికి ఏదీ "సరిగా లేదు" అని చెప్పనక్కరలేదు. మనకు వచ్చిన విద్య ఒకటుంది కదా, ప్రసంగ సమీక్ష. రెండు మూడు నిమిషాల్లో వక్త ఏం చేశాడో, అది వినేవాడికి ఎలా తగిలిందో, ఇంకొకసారి ఎలా చేయవచ్చో చెబుతాం. వక్త వయసులో పెద్దవాడైనా వింటాడు, ఎందుకంటే అది తీర్పు కాదు, ఒక శ్రోత అనుభవం. క్లబ్బు సందర్శన కూడా అంతే. "మీ సభకు అతిథులను పలకరించేవారు లేరు" అంటే మేనేజరు గారికి నొప్పి. "నేను 6:25కు వచ్చాను సార్, ఏ గదిలోకి వెళ్లాలో తెలియక లిఫ్టు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను" అంటే ఆయనే ఎవరినో పిలిచి వచ్చేవారం నుంచి లిఫ్టు దగ్గర ఉండమంటారు.

ప్రశ్నలు కూడా అలాగే ఉండాలి. "సభ్యత్వం ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "రెండు నెలల కిందట వస్తూ ఈ మధ్య కనిపించనివారు ఎవరు? వారికి ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడగండి. వెంటనే ఒక పేరు చెబుతారు, ఆ పేరు వెనక ఒక కథ ఉంటుంది. ఆ కథలోనే క్లబ్బు పరిస్థితి తెలుస్తుంది.

భాగ్యనగరి | జూన్ 4, రాత్రి 9:30

గోదావరి గట్టు గారి మీద గౌరవంతోనే ఒక్క విషయంలో విభేదిస్తాను. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. క్లబ్బు ఎలా ఉందో తెలియాలంటే సభ్యుల సంఖ్య, ఆరు నెలల్లో ఎన్ని ప్రసంగాలు జరిగాయి, ఎంతమంది మన విద్యా కార్యక్రమమైన పాత్‌వేస్‌లో ఒక స్థాయి పూర్తి చేశారు అనే మూడు లెక్కలు చాలు. ఈ లెక్కలు వెళ్లకముందే వెబ్‌సైటులోనూ విద్యా ఉపాధ్యక్షుడి దగ్గరా దొరుకుతాయి. స్వచ్ఛందంగా పనిచేసేవారికి సమయం తక్కువ. ఉద్యోగం, ఇల్లు చూసుకుని ఐదు క్లబ్బులకు ఏడాదికి రెండుసార్లు వెళ్లడమే గొప్ప. వారిని ప్రతి గుమ్మం దగ్గరా ఎవరు నిలబడ్డారో చూడమంటే అలసిపోతారు.

గోదావరి గట్టు | జూన్ 5, ఉదయం 7:10

అన్నం ఒకే కుండలో ఒకే మంట మీద ఉడుకుతుంది కాబట్టి ఒక మెతుకు మిగిలిన వాటి సంగతి చెబుతుంది. క్లబ్బు అలా కాదు. ఇరవై మంది సభ్యులున్న క్లబ్బులో ప్రతి వారం మాట్లాడేది ఆ నలుగురే కావచ్చు, ఆ నలుగురే స్థాయిలు పూర్తి చేసి లెక్కలు నింపవచ్చు. మిగిలిన పదహారు మంది చందా కట్టి ఇంట్లో కూర్చుంటారు, వచ్చే ఏప్రిల్‌లో కట్టడం మానేస్తారు. లెక్క చూసినవారికి అది ఏప్రిల్ 2న తెలుస్తుంది. సభలో కూర్చున్నవారికి సెప్టెంబరులోనే తెలుస్తుంది. నేను లెక్కలు వద్దనడం లేదండి, అవి చూసుకునే వెళ్లాలి. వెళ్లాక మళ్లీ అవే చూస్తూ కూర్చుంటే వెళ్లి ఏం లాభం?

ఓరుగల్లు తోరణం | జూన్ 5, సాయంత్రం 5:45

నేను కాలేజీ క్లబ్బులకు చాలాకాలంగా సాయపడుతున్నాను. మీరు చెప్పుకున్నవన్నీ కాలేజీ క్లబ్బు దగ్గరకు వచ్చేసరికి కొంచెం మారతాయి, ఆ సంగతి శిక్షణలో విడిగా చెప్పకపోతే కొత్తవారు తికమకపడతారు. టోస్ట్‌మాస్టర్స్ సంవత్సరం జులైలో మొదలవుతుంది. అధికారులుగా ఉన్న చివరి సంవత్సరం విద్యార్థులు అంతకు ముందే చదువు ముగించుకుని వెళ్లిపోతారు. పాస్‌వర్డులు, చందా లెక్కలు, బ్యాంకు ఖాతా వివరాలు, బ్యానరు, టైమరు కార్డులు అన్నీ వారి దగ్గరే ఉంటాయి. జులైలో కొత్త అధ్యక్షుడు "మా సీనియర్ ఫోన్ ఎత్తడం లేదు సార్" అంటాడు. అక్టోబరు చందా వేళకు సెమిస్టరు పరీక్షలు దగ్గరపడతాయి.

అందుకే కాలేజీ క్లబ్బుకు ఏరియా డైరెక్టరు చేయవలసిన ముఖ్యమైన పని నిజానికి బాధ్యత తీసుకోకముందే, ఏప్రిల్‌లోనే, పాత డైరెక్టరు చేయవలసి ఉంటుంది. పాత అధికారులను, కొత్త అధికారులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ప్రతి వస్తువూ చేతి నుంచి చేతికి మారేలా చూడాలి. ఈ ఏడాదికి ఆ సమయం దాటిపోయింది కాబట్టి కొత్తవారు జులై మొదటి వారంలోనే కాలేజీలకు ఫోన్ చేయాలి. క్లబ్బును చూసుకునే అధ్యాపకులు ఎవరైనా ఉంటే వారితో మాట్లాడండి. పిల్లలు మారినా వారు మారరు. మిగిలిన క్లబ్బులకు మొదటి సందర్శన ఆగస్టులో అయినా ఫరవాలేదు, కాలేజీ క్లబ్బుకు మాత్రం అంతకాలం ఆగడానికి వీల్లేదు.

సిలికాన్ తెలుగు | జూన్ 6, ఉదయం 9:20

కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. ఈ ఉద్యమం పుట్టిన చోటు ఈ రాష్ట్రంలోనిదే. 1924 అక్టోబరు 22న శాంటా అనాలోని వై.ఎం.సి.ఎ.లో రాల్ఫ్ స్మెడ్లీ మొదటి సభ పెట్టారు. నూరేళ్లు దాటిన ఈ సంస్థలో ఈనాడు తెలుగులో నడిచే క్లబ్బులు కూడా అక్కడక్కడ ఉన్నాయి, నేను అలాంటి ఒకదానిలో సభ్యుడిని. ఈ చర్చకు సంబంధించి ఒక అనుభవం చెబుతాను.

రెండేళ్ల కిందట మా క్లబ్బుకు వచ్చిన ఏరియా డైరెక్టరుకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆవిడ గంటన్నరసేపు కూర్చున్నారు. మేము మధ్యమధ్య ఇంగ్లీషులో వివరించబోతే వద్దన్నారు. సభ అయ్యాక ఆవిడ మాతో చెప్పిన విషయాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడే టేబుల్ టాపిక్స్‌కు పిలిచినప్పుడు వెనక వరుసలోని ముగ్గురు ప్రతిసారీ తల దించుకున్నారని, సమీక్ష చెప్పిన పెద్దాయన వక్తవైపు కాక సభవైపే చూస్తూ మాట్లాడారని, ఒక అమ్మాయి ప్రసంగం ముగించి కూర్చున్నాక చాలాసేపు చేతులు నలుపుకుంటూ ఉందని చెప్పారు. భాష తెలిసిన మేము మాటల వెంట పడి ఇవేవీ గమనించలేదు. ఆ అమ్మాయికి అది ఐస్ బ్రేకర్, మొట్టమొదటి ప్రసంగం. ఆమెకు తోడుగా ఉండవలసిన మెంటరును మేము ఆనాటికి కేటాయించనే లేదు. మర్నాడే కేటాయించాం, ఆమె ఇప్పుడు మా విద్యా ఉపాధ్యక్షురాలు.

ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఏరియా డైరెక్టర్ల శిక్షణలో ఒక అభ్యాసం చేయిస్తున్నాను. ఒక సభ వీడియోను శబ్దం లేకుండా పదిహేను నిమిషాలు చూపించి కనిపించినదాన్ని రాయమంటాను. మొదటిసారి అందరూ వక్త గురించే రాస్తారు. రెండోసారి చూపించినప్పుడు వినేవారి గురించి రాయడం మొదలుపెడతారు.

పద్యప్రియ | జూన్ 6, రాత్రి 8:40

నేను టోస్ట్‌మాస్టరును కాను, మా అన్నయ్య ఈ చర్చ చూపిస్తే చదివాను. అవధాన సభలకు చిన్నప్పటి నుంచి వెళ్లేదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. అవధాని పేరు అందరూ చెప్పుకుంటారు, పృచ్ఛకుల ప్రశ్నలు కూడా గుర్తుంటాయి. అక్కడ సంచాలకుడు అనే ఒక వ్యక్తి ఉంటారు. ఏ పృచ్ఛకుడిని ఎప్పుడు పిలవాలో, అవధానికి ఎక్కడ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలో, సభ చల్లబడుతుంటే ఎక్కడ ఒక మాట అందించాలో చూసేది ఆయనే. ఆయన కూడా పద్యం చెప్పగలవారే, కానీ ఆ పూట చెప్పరు. మంచి వక్తలను ఏరియా డైరెక్టర్లుగా వేస్తారని చదివాను. వారికి అన్నిటికంటే కష్టమైనది బహుశా ఇదేనేమో, మాట్లాడగలిగి కూడా మాట్లాడకుండా కూర్చోవడం.

భాగ్యనగరి | జూన్ 7, ఉదయం 10:05

పద్యప్రియ గారి మాట నన్ను ఆలోచింపజేసింది. నా మొదటి సంవత్సరంలో ఏ క్లబ్బుకు వెళ్లినా పది నిమిషాలు ప్రసంగించి వచ్చేవాడిని, అది సాయమనే అనుకునేవాడిని. గోదావరి గట్టు గారితో వాదించాను కానీ, సభను చూసే రోజు ఒకటి ఉండాలని ఒప్పుకుంటున్నాను. తేదీల కాగితం మాత్రం మొదటి గంటలోనే ఉండాలి, అది వదులుకోను. ఇంకొకటి, ఒక క్లబ్బులో సభ్యులు 12 మందికి పడిపోతే క్లబ్బు మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయపడే క్లబ్ కోచ్‌ను అడగవచ్చని కొత్తవారికి తప్పక చెప్పండి. చాలామంది ఏరియా డైరెక్టర్లు ఆ భారమంతా తామే మోయాలనుకుని ఏడాది మధ్యలో కుంగిపోతారు.

బందరు రోడ్డు | జూన్ 8, రాత్రి 9:15

అందరికీ కృతజ్ఞతలు. "చేతికింద" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ప్రణాళిక ఇలా మారింది. 15న ఉదయం పన్నెండు నెలల కాగితం, తర్వాత శబ్దం లేని వీడియో, మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కూర్చుని ప్రశ్నలు అడగడం. అధ్యక్షుడి పాత్ర నేను వేస్తాను, ప్రతిదానికీ "అంతా బాగుందండి" అంటాను. నా చేత ఒక సభ్యుడి పేరు చెప్పించేవరకూ వారు అడుగుతూనే ఉండాలి. 22న ఆరుగురం కలిసి గుంటూరులో ఒక క్లబ్బు సభకు వెళ్తున్నాం. ఎందుకు వస్తున్నామో వారికి ముందే చెప్పి అనుమతి తీసుకున్నాను. ఓరుగల్లు తోరణం గారూ, కాలేజీ క్లబ్బులు ఉన్న ముగ్గురికీ మీరు అరగంట ఫోన్‌లో మాట్లాడగలరా?

ఓరుగల్లు తోరణం | జూన్ 8, రాత్రి 9:50

తప్పకుండా. 15న మధ్యాహ్నం 3 గంటలకు ఖాళీగా ఉంటాను.

కొల్లేరు | జూన్ 22, రాత్రి 10:30

ఇప్పుడే గుంటూరు నుంచి ఇల్లు చేరాను, మర్చిపోకముందే రాస్తున్నాను. సభ జరుగుతున్నంతసేపూ పత్రం సంచిలోనే ఉంచాను. సభ ఏర్పాట్లు చూసే సార్జెంట్ ఎట్ ఆర్మ్స్‌గా ఉన్న ఒక పెద్దాయన సభకు అరగంట ముందే వచ్చి కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేశారు. ఆఖరి కుర్చీ గుమ్మానికి దగ్గరగా, ఖాళీగా ఉంచారు. ఎందుకని అడిగితే ఆలస్యంగా వచ్చేవారు అందరి ముందు నుంచి నడవక్కర్లేకుండా అన్నారు. మా ఐదుగురిలో ముగ్గురం ఆ కుర్చీని గమనించాం. టీ దగ్గర నేను ఆయనతో "మీరు వేసిన కుర్చీలో ఇవాళ ఇద్దరు కూర్చున్నారండి, మొదటి ఆవిడ టేబుల్ టాపిక్స్‌లో మాట్లాడారు కూడా" అని చెప్పాను. ఆయన ఇంతవరకూ ఆ సంగతి ఎవరూ ప్రస్తావించలేదని, వచ్చే నెల నుంచి పని మానేద్దామనుకుంటున్నానని చెప్పి, ఇంకొన్నాళ్లు చూస్తానన్నారు.

జులై 12న మా మేనేజరు గారి క్లబ్బుకు నా మొదటి సందర్శన. గోదావరి గట్టు గారూ, ఆ రోజు మీకు వీలైతే నాతో రాగలరా? ఏలూరు స్టేషనుకు నేను వచ్చి తీసుకువెళ్తాను.

గోదావరి గట్టు | జూన్ 23, ఉదయం 6:30

వస్తానమ్మా. సభ ఎన్ని గంటలకో రాయండి, దానికి అరగంట ముందు చేరేలా రైలు చూసుకుంటాను. మీరు మాట్లాడతారు, నేను వెనక వరుసలో కూర్చుంటాను.